ఉప్పునీటి వేటకి పింగాణీ లూర్లు: పనికొస్తాయా, షోకేసుకే పరిమితమా?

కళింగపట్నం గాలం:
మన తీరానికి రాడ్డు, రీలు పట్టుకుని వచ్చేవాళ్లు పెరిగారు. ఎవరి పెట్టె తెరిచినా ప్లాస్టిక్ చేపబొమ్మలు, సీసం పోసిన జిగ్గులే (నీళ్లలో కిందికీ పైకీ ఆడించే బరువైన ఎరలు). నేను కొంతకాలంగా పింగాణీ మట్టితో చేత్తో లూర్లు, అంటే చేపని మభ్యపెట్టే బొమ్మ ఎరలు చేసి, వంశధార మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర పండుగప్ప, పార చేపలకి వేస్తున్నాను. చేప పడుతోంది. అయినా తోటి వేటగాళ్లు చాలామంది ఇది బొమ్మల పని, వేట పని కాదంటున్నారు. నేను ఒప్పుకోను, ఎందుకో చెబుతాను. తెగి నీళ్లలో పడిపోయినా పింగాణీ సీసంలా విషం కాదు, అది ఒకటి. రెండోది బరువు.

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకి 11.3 గ్రాములు. బాగా కాలిన పింగాణీది 2.3 నుంచి 2.4. సముద్రపు నీటిది సుమారు 1.025. అంటే 40 గ్రాముల సీసం జిగ్గు నీళ్లలో 36 గ్రాముల బరువు తూగుతుంది. అదే 40 గ్రాముల పింగాణీ లూర్ 22, 23 గ్రాములే తూగుతుంది, పైగా సైజులో దాదాపు ఐదు రెట్లు పెద్దది. అందుకే రాయిలా కిందికి పోకుండా ఊగుతూ నెమ్మదిగా దిగుతుంది. రెండు మూడు బారల లోతుండే మొగలో కావలసింది అదే. బోటు మీద లోపలికి వెళ్లి కోనాం (వంజరం) చేప కోసం నిలువుగా ఆడించాలంటే సీసమో, టంగ్‌స్టనో వాడండి. అక్కడ పింగాణీ గొప్పని నేను అనను.

కుండల వీధి:
మాది కుమ్మరి కుటుంబం, విజయనగరం వైపు. చర్చ బాగుంది, కానీ ఇది చదివి ఎవరైనా ఎర్రమట్టితో మొదలుపెడతారని భయం. మా ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) వేడి 800, 900 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. అలా కాలిన మట్టికి సన్నటి రంధ్రాలు ఉండిపోతాయి, కుండలో నీళ్లు చల్లబడేది వాటివల్లే. ఆ మట్టిని సముద్రంలో వేస్తే ఉప్పునీళ్లు లోపలికి పోతాయి. ఒడ్డున ఎండినప్పుడు లోపలే ఉప్పు పలుకులు కడతాయి. నాలుగుసార్లు తడిసి ఎండితే పైపొర పెచ్చులుగా ఊడుతుంది. తీరం ఊళ్లలో ఇటుక గోడలు రాలిపోయేదీ ఇలాగే. 1200 డిగ్రీలు దాటి కాల్చే కొలిమి దొరక్కపోతే ఈ పని మొదలుపెట్టకండి.

కళింగపట్నం గాలం:
నిజమే అన్నా. నేను కరెంటు కొలిమిలోనే కాలుస్తాను. కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. పచ్చిమట్టి కాలేసరికి పొడవులో పదో వంతుకు పైనే కుదించుకుపోతుంది, అచ్చు ఆ లెక్కతో పెద్దదిగా చేసుకోవాలి. మట్టి పచ్చిగా ఉన్నప్పుడే తల నుంచి తోక దాకా ఒక రంధ్రం తీయాలి. కాలిన తర్వాత అందులోంచి స్టెయిన్‌లెస్ తీగ పంపి రెండు కొసలా రింగులు కట్టాలి. తీగని ముందే మట్టిలో పెట్టి కాలిస్తే మట్టి కుదించుకుపోతుంది, తీగ కుదించుకోదు, పగులు వస్తుంది. రంధ్రంలోంచి తీగ పోయిన లూర్‌కి ఇంకో లాభం ఉంది: ఒళ్లు పగిలినా గాలం లైనుకే ఉంటుంది, చేప చేజారదు.

చింతపల్లి రాళ్లు:
అసలు సంగతి మీరే అన్నారు, "పగిలినా" అని. మా చింతపల్లి బీచ్‌లో రాళ్ల మధ్యే వేట. పార రాళ్ల అంచునే తిరుగుతుంది, లూర్ కూడా అక్కడే పడాలి. ప్లాస్టిక్ గీసుకుపోతుంది, సీసం సొట్టపడుతుంది, పింగాణీ మాత్రం ఒక్క దెబ్బకి రెండు ముక్కలు. చేత్తో చేసే సరదా ఉంటే కర్ర ఉంది కదా? బొబ్బిలి వీణకి వాడే పనస కర్ర ముక్క దొరికితే చాలు, చెక్కి వార్నిష్ వేయండి.

కళింగపట్నం గాలం:
పనస కర్ర తేలుతుంది బాబూ. నీటిపైన ఆడించడానికి చక్కగా ఉంటుంది, నేనూ ఇష్టపడతాను. నా ప్రశ్న దిగే లూర్ గురించి. రాళ్ల విషయంలో మాత్రం మీదే సరి. అక్కడ పింగాణీ వేయకూడదు, ఇసుక అడుగున్న మొగలకే అది.

భావనపాడు తీరం:
మీరంతా చేప గురించి, లూర్ గురించి మాట్లాడుతున్నారు. మా గురించి ఒక్కరూ అనలేదు. మాకు అలివి వల (ఒడ్డు నుంచి లాగే పెద్ద వల) ఉంది. ఒడ్డున నిలబడి తాడు పట్టుకుని ముప్పై నలభై మందిమి లాగుతాం, కాళ్లకి చెప్పులుండవు. తెగిపోయిన మీ లూర్లు వలలో పడతాయి. మూడు ముళ్ల గాలం ఒకటి చిక్కుకుంటే వల చిరుగుతుంది, విడదీసేవాడి వేలు చీలుతుంది. ఇప్పుడు దానికి తోడు పింగాణీ పెంకులా? ఇసుకలో కప్పు ముక్క గుచ్చుకుంటే ఎలా ఉంటుందో మీకు తెలియదా? నీళ్లలో విషం ఉండదని మీరు సంతోషపడితే మా అరికాళ్ల సంగతేంటి?

నాగావళి ఒడ్డు:
మావయ్య గారి మాట న్యాయమైనది. కానీ సీసాన్ని అలాగే వదిలేద్దామా? బ్రిటన్ 1987లోనే చిన్న సీసం బరువుల అమ్మకాన్ని ఆపేసింది, అవి మింగి హంసలు చచ్చిపోతున్నాయని. డెన్మార్క్ 2002లో సీసం వేట సామాన్లని నిషేధించింది. మన దగ్గర సీసాన్ని ఇంటి పొయ్యి మీదే కరిగించి పోస్తున్నవాళ్లున్నారు, ఆ పొగ పిల్లలున్న ఇంట్లోనే తిరుగుతుంది. ప్రమాదం నీళ్లలో కంటే ముందు అక్కడే ఉంది.

కుండల వీధి:
సీసం మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. తక్కువ వేడికి కరిగే మెరుపు పూతల్లో కొన్నింటిలో సీసమే ఉంటుంది. సీసం వద్దని పింగాణీకి వచ్చి సీసం పూత పూస్తే చేసిన పనికి అర్థం లేదు. ఎక్కువ వేడికి కాల్చేవాళ్లకి ఆ అవసరం లేదు, ఫెల్డ్‌స్పార్ అనే రాతి పొడితో చేసే పూతలు సరిపోతాయి. కొనేటప్పుడు సీసం లేదని డబ్బా మీద రాసి ఉందో లేదో చూడండి.

కళింగపట్నం గాలం:
భావనపాడు మావయ్యా, మీరు చెప్పినదానికి నా దగ్గర అందమైన జవాబు లేదు. బాగా కాలిన పింగాణీ పెంకు ఎర్రమట్టి పెంకు కంటే పదును, అది నిజం. కాబట్టి మార్చవలసింది నేనే. మూడు ముళ్ల గాలం తీసేసి ఒంటి గాలం పెడతాను, దాని కొస దగ్గరుండే ఎదురు ముల్లు కూడా నొక్కేస్తాను. ఒళ్లు పలచగా కాకుండా లావుగా, అంచుల్లేకుండా చేస్తాను. వల లాగే తీరంలో అసలు వేయను. మొగకి ఏ వైపు నిలబడాలో మీరే చెప్పండి.

చింతపల్లి రాళ్లు:
నేనింకా కర్ర వైపే. కానీ ఒంటి గాలం సంగతి ప్లాస్టిక్ వాడేవాళ్లకీ వర్తించాలి. పింగాణీ వాళ్లకొక్కరికే రూలు పెడితే ఎలా?

భావనపాడు తీరం:
అందరికీ పెట్టండి. మాకు వలలో దొరికేవాటిలో ప్లాస్టిక్‌వే ఎక్కువ. మొగ దగ్గర వల దిగేది తెల్లవారుజామున. ఎండెక్కి వల ఒడ్డుకి చేరాక మీరు రండి. ఉత్తరం వైపు ఇసుక మేట మీద మేము వల లాగం, అక్కడ వేసుకోండి.