స్టెల్లారిస్: లెవెల్ పెంచినా కంప్యూటర్‌కి తెలివి ఎందుకు పెరగదు? గెలిచినా చేతికి ఏమీ ఎందుకు రాదు?

బెజవాడ_బ్యాటిల్‌షిప్ (పటమట, విజయవాడ):

అందరికీ నమస్తే. మందుల హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ చేస్తాను. షాపు కట్టేసి, ఇంటికొచ్చి అన్నం తిని, పాపని పడుకోబెట్టేసరికి పదిన్నర అవుతుంది. అక్కడి నుంచి ఒంటిగంట దాకా నాకంటూ మిగిలే టైమ్. రెండేళ్లుగా ఆ టైమంతా స్టెల్లారిస్‌కే పెడుతున్నాను, అంటే అంతరిక్షంలో రాజ్యం కట్టి నడిపే కంప్యూటర్ గేమ్. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా, ఏమనుకోకండి.

కెప్టెన్ లెవెల్లో గెలవడం అలవాటైపోయింది. బుర్రపెట్టి ఆడే శత్రువు కావాలని అన్నింటికన్నా కష్టమైన గ్రాండ్ అడ్మిరల్ లెవెల్‌కి మార్చాను. 400 నక్షత్రాల గెలాక్సీ. ఆటలో 2240వ సంవత్సరం వచ్చేసరికే పక్కవాళ్ల ఫ్లీట్లన్నింటి (ఓడల దళాల) మీదా పుర్రె గుర్తులు, అంటే నాకంటే చాలా బలవంతులని. అమ్మయ్య, అసలైన పోటీ దొరికింది అనుకున్నా.

దొరకలేదు. నా రాజ్యంలోకి రావాలంటే ఒకే ఒక్క నక్షత్రం దాటి రావాలి. అక్కడి స్టార్‌బేస్‌ని (అంతరిక్ష కోటని) ఎంతవరకు పెంచగలనో అంతా పెంచి, నిండా తుపాకులు పెట్టాను. పక్కవాడు మూడుసార్లు దండెత్తాడు. మూడుసార్లూ అదే దారి. ఒక ఫ్లీట్ వచ్చి కాలిపోయాక రెండోది వస్తుంది. రెండూ కలిసి వచ్చుంటే ఆ రోజే నా పని అయిపోయేది. ఓడిన కొన్నాళ్లకే మళ్లీ అన్ని ఓడలూ కట్టుకుని అదే చోటికి వచ్చాడు. మా పాపకి ఏడేళ్లు. క్యారమ్స్‌లో రెండుసార్లు కాయిన్ పడకపోతే మూడోసారి స్ట్రయికర్ జరిపి పెడుతుంది. అంతమాత్రం కూడా వీడికి తట్టదు. లెవెల్ పెంచితే వాడికి ఫ్రీగా సరుకు ఎక్కువ వస్తుందంతే, పెరిగింది ఓడలే.

ఇక అసలు బాధ. నేనే ఎదురు దాడికి వెళ్లాను. మే నెల, అర్ధరాత్రి కూడా గదిలో ఉక్కపోత. ల్యాప్‌టాప్ కాలిపోతుంటే స్టీలు పళ్లెం బోర్లించి దాని మీద పెట్టి, టేబుల్ ఫ్యాన్ అటు తిప్పాను. నాలుగు రాత్రులు ఆడి వాడి తొమ్మిది సిస్టమ్స్ (నక్షత్రాలు, వాటి గ్రహాలు) పట్టుకున్నా. ఈలోగా నా వార్ ఎగ్జాషన్ (యుద్ధ అలసట లెక్క) వందకి చేరింది. తర్వాత ఆటలో 24 నెలలకి స్టేటస్ కో అని, అంటే ముందే హక్కు చెప్పుకుని పట్టుకున్నవే ఉంచుకోవాలని, శాంతి రుద్దేశారు. యుద్ధానికి ముందు ఇన్‌ఫ్లుయెన్స్ (పలుకుబడి పాయింట్లు) చాలక మూడింటికే క్లెయిమ్ (ఇది నాదని హక్కు) పెట్టాను, ఆ మూడే దక్కాయి. మిగతా ఆరింటిలో నా జెండా తీసేసి వాడి జెండా మళ్లీ పెడుతుంటే, ఒకటీ నలభైకి స్క్రీన్ ముందు అలా కూర్చుండిపోయాను.

కంప్యూటర్‌కి ఫ్రీగా సరుకు ఇవ్వకుండా, తెలివిగా ఆడే స్పేస్ స్ట్రాటజీ గేమ్ ఏదైనా ఉందా? గెలిస్తే గెలిచినట్టు అనిపించేది?

ఓరియన్_పాతకాపు (అరండల్‌పేట, గుంటూరు):

తమ్ముడూ, నువ్వు చూసింది కరెక్టే. చాలా ఆటల్లో లెవెల్ అంటే బోనస్సే. స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధ గేమ్‌లో దాన్ని దాచకుండా చెప్పారు. పై మూడు లెవెల్స్ పేర్లే చీటర్ 1, 2, 3. ఒకదానికి మ్యాప్ అంతా కనపడుతుంది, ఇంకోదానికి వనరులు ఎక్కువొస్తాయి. అలా ముందే చెబితే నాకు అభ్యంతరం లేదు.

గెలుపు సంగతికొస్తే, నేను 1993 నాటి మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే అంతరిక్ష గేమ్ ఆడినవాణ్ని. గెలాక్సీలో ఓరియన్ అనే గ్రహం, దానికి కాపలాగా గార్డియన్ అనే ఒకే ఒక్క ఓడ. డిగ్రీలో ఉండగా కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో సార్ వెళ్లిపోయాక ఆడేవాళ్లం. వారం రోజుల పాటు కట్టిన ఓడలన్నీ అది ఒక్క పూటలో ఊడ్చేసేది. దాన్ని కొట్టి ఓరియన్‌లో దిగిన రోజు డెత్ రే అనే ఆయుధం చేతికొచ్చింది. అప్పటిదాకా మనల్ని తరిమినవాళ్లు మన ఓడల్ని చూసి పారిపోవడం మొదలైంది. బహుమతి అంటే అదీ. ఆట తీరే మారిపోవాలి. స్టెల్లారిస్‌లో కూడా ఈథర్ డ్రేక్ అనే అంతరిక్ష డ్రాగన్‌ని చంపితే డ్రాగన్‌స్కేల్ కవచం వస్తుంది. పక్కవాడి మీద యుద్ధం కంటే అది చేసి చూడు.

హోమ్‌వరల్డ్ 2 అనే అంతరిక్ష యుద్ధ గేమ్ మాత్రం నా మనసు విరిచేసింది. 2003లో వచ్చింది. ఒక మిషన్లో ఓడలు కాపాడుకుని తర్వాతి మిషన్‌కి తీసుకెళ్తే, వాటికి తగ్గట్టు శత్రువుల లెక్కా పెంచేది. బాగా ఆడినందుకు శిక్ష. మిషన్ చివర్లో సొంత ఓడల్నే రద్దు చేసుకుని వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

బ్రాడీపేట_బిషప్ (గుంటూరు):

నేను పిల్లలకి చెస్ నేర్పుతాను. గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ పుట్టిన ఊరు కదా, ఇక్కడ చెస్ అంటే తల్లిదండ్రులకి ఇష్టమే. మీరు అడిగిందే పిల్లలు కూడా అడుగుతారు: సార్, చెస్‌లో కంప్యూటర్ అందర్నీ ఓడిస్తుంది కదా, గేముల్లో ఎందుకు ఆడలేదు అని.

చెస్‌లో 64 గళ్లూ ఇద్దరికీ కనపడతాయి, ఒకరి తర్వాత ఒకరు ఆడతారు, రూల్స్ మారవు. 1997లో కాస్పరోవ్‌ని డీప్ బ్లూ ఓడించిందంటే అది అలాంటి ఆట కాబట్టే. మీ ఆటలో శత్రువు ఏం కడుతున్నాడో కనపడదు, వంతులు లేకుండా అందరూ ఒకేసారి కదులుతారు. పైగా ఒకే ల్యాప్‌టాప్ పది రాజ్యాల తరఫునా ఆలోచించాలి, బొమ్మలు కూడా గీయాలి. అన్నిటికీ మించి రూల్సే మారిపోతాయి. 2018 డిసెంబరులో 2.2 అప్‌డేట్ వచ్చినప్పుడు గ్రహాల మీద గళ్లు తీసేసి జిల్లాలు, ఉద్యోగాలు పెట్టారు. ఆ తర్వాత చాలాకాలం కంప్యూటర్ తన గ్రహాలనే సరిగ్గా నడుపుకోలేకపోయింది.

తెలివి నేర్పడం కుదరదని కాదు. 2018 డిసెంబరులో డీప్‌మైండ్ కంపెనీ తయారుచేసిన ఆల్ఫాస్టార్ అనే ప్రోగ్రామ్ ఇద్దరు ప్రొఫెషనల్ స్టార్‌క్రాఫ్ట్ 2 ఆటగాళ్లని చెరో 5-0తో కొట్టింది. దాని కోసం 14 రోజుల్లో ఒక్కో ప్రోగ్రామ్‌తో 200 ఏళ్ల ఆట వరకు ఆడించారు. మనిషిలాగే కెమెరా జరుపుకుంటూ ఆడాలని షరతు పెట్టిన వెర్షన్ మీద మాత్రం ఆ ఇద్దరిలో ఒకాయన గెలిచాడు. అంత శిక్షణ, ప్రతి అప్‌డేట్‌కీ మళ్లీ మొదటి నుంచి ఇప్పించాలంటే అయ్యే పనేనా?

కొలోసస్ (మొగల్రాజపురం):

బ్రో, రెండు మాటలు. క్లెయిమ్ నీ సరిహద్దుకి దగ్గరైతే చవక, దూరమైతే ఇన్‌ఫ్లుయెన్స్ ఎక్కువ తింటుంది. అందుకే యుద్ధానికి ముందు కొన్నేళ్లు ఇన్‌ఫ్లుయెన్స్ కూడబెట్టుకో, అంచు నుంచి లోపలికి పెట్టుకుంటూ పో. రెండోది, కొలోసస్ ప్రాజెక్టు తీసుకుని, గ్రహాల్ని నాశనం చేసే ఆ పెద్ద ఓడ కడితే టోటల్ వార్ చేయొచ్చు. అందులో క్లెయిమ్‌ల గొడవే లేదు, పట్టుకున్నది పట్టుకున్నట్టే నీదవుతుంది.

అసలు కంప్యూటర్‌తోనే ఎందుకు? మేం నలుగురం శనివారం రాత్రుళ్లు ఆడతాం. ఆట పెట్టేవాడి దగ్గర డీఎల్‌సీలు (విడిగా కొనే అదనపు భాగాలు) ఉంటే చాలు, మిగతావాళ్లు కొనక్కర్లేదు. ఒక చోటు ఖాళీగా ఉంది, వస్తావా?

బెజవాడ_బ్యాటిల్‌షిప్:

అందరికీ థ్యాంక్స్. బిషప్ గారూ, అప్‌డేట్‌తో రూల్స్ మారడం వల్ల కంప్యూటర్ కూడా తడబడుతుందని నాకు ఎప్పుడూ తట్టలేదు. కోపం సగం తగ్గింది. ఓరియన్ అన్నా, డ్రేక్ జోలికి వెళ్లి ఒక ఫ్లీట్ మొత్తం పోగొట్టుకున్నా. అయినా మళ్లీ వెళ్తా.

మొగల్రాజపురం బ్యాచ్‌తో మూడు శనివారాలు ఆడాను. ఈసారి కూడా కొలోసస్ బ్రో వైపు నుంచి నా రాజ్యంలోకి ఒకే ఇరుకు నక్షత్రం, అక్కడ అదే స్టార్‌బేస్. కొలోసస్ బ్రో ఫ్లీట్ దాని ముందటి నక్షత్రం దాకా వచ్చి ఆగింది. లోపలికి రాలేదు. నా ఫ్లీట్ అవతలి వైపున్న నా రెండో పొరుగువాడి మీదకి ఎప్పుడు వెళ్తుందా అని కాచుకుని కూర్చున్నాడు. నేను కదల్లేదు. తనూ కదల్లేదు. ఆటలో ఆరేళ్లు అలాగే గడిచాయి, నా అరచేతులు చెమట పట్టేశాయి. 2241లో సేవ్ చేసి ఆపాం. ఫ్లీట్ ఇంకా అక్కడే ఉంది. ఇవాళ మంగళవారమే, శనివారం దాకా ఆగాలి.