తప్పుకు ‘మేక్’, హోంవర్క్‌కు ‘డూ’: ఎలా గుర్తుపెట్టుకోవాలి?

నిన్న తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి ఇంగ్లిష్ వ్యాసంలో ‘మిస్టేక్’ ముందు ‘డిడ్’ అని రాస్తే, కొట్టేసి ‘మేడ్’ అని దిద్దాను. “మరి హోంవర్క్‌కు డూ అంటాం కదా నాన్నా?” అంది. నా దగ్గర జవాబు లేదు. మనకు తప్పయినా, పనయినా, వంటయినా ‘చేయడం’ ఒక్కటే!

కొత్తగా తయారయ్యేదానికి ‘మేక్’, చేయాల్సిన పనికి ‘డూ’ అని ఎక్కడో చదివాను. మరి పక్క సర్దడానికి ‘మేక్’ ఎందుకు? అందులో కొత్తగా పుట్టిందేమిటి? విశేషణాలదీ ఇదే గొడవ. వాన ‘హెవీ’, గాలి ‘స్ట్రాంగ్’. మన చిక్కటి టీ కూడా ‘స్ట్రాంగ్’ అట, ‘థిక్’ కాదట.

దీనికి సూత్రమేదైనా ఉందా, లేక జంటలుగా బట్టీ పట్టాల్సిందేనా? పిల్లలకు నేర్పిన అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి. ఆదివారం పాఠానికి కూర్చోవాలి, మళ్లీ అడుగుతుంది.