రాత్రి విమానంలో పెట్టే భోజనాన్ని నమ్ముకోవచ్చా, ఇంటి నుంచి కట్టుకెళ్లాలా?

బరంపురం కోడలు:
కార్తీక మాసంలో మా అత్తగారు, మామగారు అమెరికాలో ఉన్న మా ఆడపడుచు దగ్గరికి వెళ్తున్నారు. ఇక్కడి నుంచి భువనేశ్వర్‌కి రైలు, అక్కడి నుంచి ఢిల్లీ, రాత్రి 2 గంటలకు ఢిల్లీలో శాన్‌ఫ్రాన్సిస్కో విమానం. అదొక్కటే 16 గంటల దాకా పడుతుందట. ఇద్దరూ శాకాహారులు. మామగారికి షుగర్, ఇన్సులిన్ మీద ఉన్నారు. అత్తగారేమో పులిహోర, పెరుగన్నం, ఆవకాయ కట్టుకుంటానంటున్నారు. మా ఆయన మాత్రం అన్నీ విమానంలోనే పెడతారు, ఏమీ మోయొద్దంటున్నారు. రెండు రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

రాయగడ తమ్ముడు:
అక్కా, మీ అత్తగారి మాటే నిజం. నేను గల్ఫ్‌లో పని చేస్తాను, ఏటా వెళ్లొస్తుంటాను. నిద్ర పట్టే వేళకి లేపి ట్రే ఇస్తారు. అన్నం పలుకుగా ఉంటుంది, కూరకి ఉప్పు కారం తెలియదు. డబ్బు పోసి టికెట్ కొన్నాం కదా అని తింటాం, తర్వాత కడుపు ఉబ్బరం. ఇంటి పులిహోర నాలుగు ముద్దలు తిని పడుకోవడం వంద రెట్లు నయం.

పర్లాకిమిడి మాస్టారు:
అమ్మా, మా అబ్బాయి దగ్గరికి మేమిద్దరం నాలుగుసార్లు వెళ్లొచ్చాం. అందుకని కొంచెం వివరంగా రాస్తాను.

ముందు రుచి సంగతి. తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు, కానీ తప్పంతా వంటవాడిది కాదు. మన కోరాపుట్ జిల్లాలో దేవమాలి కొండ ఎత్తు 1,672 మీటర్లు. విమానం లోపల గాలి అంతకంటే పైన, 1,800 నుంచి 2,400 మీటర్ల ఎత్తులో ఉన్నంత పలచగా ఉంటుంది. తేమ కూడా బాగా తక్కువ, ముక్కు, నోరు ఎండిపోతాయి. 2010లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ పరిశోధన సంస్థ లుఫ్తాన్సా అనే విమాన కంపెనీ కోసం పరీక్షలు చేసి, అలాంటి గాలిలో ఉప్పు, తీపి నాలుకకి బాగా తక్కువగా తెలుస్తాయని, పులుపు అంతగా తగ్గదని తేల్చింది. పైన పులిహోర రుచిగా అనిపించడానికి కారణం అదే. అయినా నేను పులిహోర వద్దనే అంటాను.

లెక్క చూడండి. ఉదయం 6 గంటలకు కలిపితే విమానంలో మూత తీసేసరికి తెల్లవారుజామున 3 దాటుతుంది. అంటే 21 గంటలు. చింతపండు పులుపు కొంత కాపాడుతుంది, కానీ అన్నం అన్నమే. వెచ్చటి చోట గంటల తరబడి ఉన్న అన్నంలో పుట్టే విషం మళ్లీ వేడి చేసినా పోదు. పైగా ఇంటి డబ్బా ఇచ్చి వేడి చేయమంటే సిబ్బంది సాధారణంగా ఒప్పుకోరు. పెరుగూ, నూనె ఊరే ఆవకాయా చెకింగ్‌లో ద్రవాల కిందికి రావచ్చు, 100 మిల్లీలీటర్లు దాటితే తీసేస్తారు. మా ఇంటావిడ పెట్టిన మాగాయ సీసా ఒకసారి అక్కడే వదిలేశాం. ఆ రోజు ఆవిడ పడ్డ బాధ నాకింకా గుర్తే.

విమానంలో పెట్టేది కింద వంటశాలలో వండి, వెంటనే బాగా చల్లబరిచి, పైన ఓవెన్‌లో వేడి చేసి ఇచ్చేది. రుచి ఎలా ఉన్నా ఆరోగ్యానికి అదే భద్రం.

ఇప్పుడు అసలు విషయం. టికెట్ కొన్నప్పుడు "హిందూ మీల్" అని రాయించారేమో చూడండి. మొదటిసారి ఏజెంట్ మాకు అదే రాయించాడు. ట్రే మూత తీస్తే కోడి కూర! హిందూ మీల్ అంటే గొడ్డుమాంసం లేని భోజనమనే అర్థం, శాకాహారమని కాదు. మీకు కావలసింది "ఏషియన్ వెజిటేరియన్", కోడ్ ఏవీఎంఎల్. మన తిరగమోత రుచికి దగ్గరగా ఉండేదీ అదే. కార్తీకమన్నారు కాబట్టి, ఉల్లి వెల్లుల్లి మానేస్తే జైన్ మీల్, కోడ్ వీజేఎంఎల్. విమానానికి కనీసం 24 గంటల ముందు చెప్పాలి, కొన్ని కంపెనీలు 48 అంటాయి.

ఛత్రపురం అక్క:
మాస్టారూ, హిందూ అని పేరు పెట్టి మాంసం పెట్టడం ఎంత అన్యాయం! పెద్దవాళ్లు ఆ పేరు చూసి నమ్ముతారు కదా.

పర్లాకిమిడి మాస్టారు:
అన్యాయమనను తల్లీ. మన గంజాంలోనే చేప లేనిదే ముద్ద దిగని హిందువులు ఎంతమంది లేరు? 2018లో ఎమిరేట్స్ అనే విమాన కంపెనీ ఆ మీల్ తీసేస్తామంటే ప్రయాణికులే అభ్యంతరం చెప్పారు, కంపెనీ వెంటనే వెనక్కి తగ్గింది. పేరు ఉండనివ్వండి, అర్థం తెలుసుకుని రాయించుకోవాలి.

గుణుపురం నర్సు:
మామగారి గురించి ఎవరూ సరిగా చెప్పలేదు, అదే నాకు టెన్షన్‌గా ఉంది. షుగర్ ఉంది కదా అని డయాబెటిక్ మీల్ పెట్టించకండి. మామూలుగా ఒక మనిషికి ఒక్క ప్రత్యేక భోజనమే ఇస్తారు, డయాబెటిక్ దాంట్లో మాంసం ఉండొచ్చు. పిండిపదార్థం మరీ తక్కువైతే ఇన్సులిన్ తీసుకున్నవాళ్లకి షుగర్ పడిపోతుంది కూడా. ఏవీఎంఎల్ తీసుకుని తీపి పక్కన పెడితే చాలు.

టేకాఫ్ అయిన గంటా గంటన్నరకి ట్రే వస్తుంది. కుదుపులుంటే ఇంకా ఆలస్యం. అందుకని ట్రే చేతికొచ్చాకే ఇన్సులిన్, ముందు వద్దు. మందు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేస్తే గడ్డకట్టొచ్చు. వేళలు మారిపోతాయి కాబట్టి డోసు ఎలా సర్దాలో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. రెండో భోజనం దిగడానికి రెండు గంటల ముందు పెడతారు. ఈ రెండింటి మధ్య పది గంటలకు పైనే ఖాళీ. మధ్యలో అడిగితే బిస్కెట్లో, చిన్న శాండ్‌విచ్చో ఇస్తారు, కానీ మనవాళ్లు మొహమాటపడి అడగరు. అందుకే నాలుగు చపాతీలు, పల్లీలు, గ్లూకోజ్ బిళ్లలు దగ్గర ఉండాల్సిందే.

రాయగడ తమ్ముడు:
మాస్టారి 21 గంటల లెక్క నేను ఆలోచించలేదు. నాది నాలుగైదు గంటల విమానం, అందుకని పులిహోర నిలుస్తోంది. కానీ షుగర్ లేని అత్తగారు 3 గంటలకు అన్నం ఎందుకు తినాలి? ఢిల్లీలోనే 9కి తినేసి, విమానం ఎక్కగానే పడుకోవడం మేలు. పైకి వెళ్లాక కడుపులో గాలి కూడా వ్యాకోచిస్తుంది. కూల్‌డ్రింకులు, శనగలు అస్సలు వద్దు.

గుణుపురం నర్సు:
అత్తగారి వరకు ఒప్పుకుంటాను. నీళ్లు మాత్రం తాగుతూ ఉండాలి. ఇంకొకటి, ట్రేలో ఇచ్చిన యాపిల్ సంచిలో వేసుకుని దిగకూడదు. అమెరికాలో పళ్లు చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా వేస్తారు.

బరంపురం కోడలు:
అందరికీ దణ్ణాలు. ఇప్పుడే కంపెనీకి ఫోన్ చేశాను. భువనేశ్వర్ నుంచి ఢిల్లీ దాకా వెజ్ అనే ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానానికి ఏమీ నమోదు కాలేదు! ఇద్దరికీ ఏవీఎంఎల్ పెట్టించాను. ఉల్లి సంగతి అత్తగారిని అడిగితే, ప్రయాణంలో పట్టింపు లేదన్నారు. పులిహోర చేస్తాం, కానీ భువనేశ్వర్ చేరేలోపే తినేస్తారు. రేపు పొద్దున్న మామగారిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నాను.