మావటి పనిలో ఆట ఎంత, పని ఎంత?

ప్రశ్న (తిరుపతి వాసి):
నిరుడు బ్రహ్మోత్సవాలలో తిరుమల మాడవీధుల్లో వాహనసేవకు ముందు నడిచే ఏనుగులను మా అబ్బాయికి చూపించాను. సేవ ముగిశాక ఒక ఏనుగు తన మావటి భుజం మీది తువ్వాలును తొండంతో మెల్లగా లాగి, ఆయన చెయ్యి చాచగానే ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ వెనక్కు తీసుకుంది. అప్పటి నుంచి వాడు మావటినే అవుతానంటున్నాడు. రోజంతా ఏనుగుతో ఆడుకోవడమే ఆ ఉద్యోగమని పదేళ్ళ పిల్లవాడు అనుకోవడం సహజమే గానీ, అసలు సంగతి నాకూ తెలియదు. దగ్గరగా చూసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (రామకుప్పం నుంచి):
అయ్యా, మా మేనమామగారు కొంతకాలం ఏనుగుల శిబిరంలో మేత చూసేవారు కాబట్టి సెలవుల్లో ఆ పని నా కళ్ళతో చూశాను. అన్నిటికంటే సరదాగా కనిపించేది స్నానం. అన్నిటికంటే జాగ్రత్తగా చేసేదీ అదే. ఏనుగు నీళ్ళలో పక్కకు ఒరిగి పడుకుంటుంది, మావటి దాని మీదికెక్కి కొబ్బరిపీచుతో తోముతాడు, అది ఆయన మొహాన నీళ్ళు చిమ్ముతుంది, ఒడ్డున ఉన్నవారంతా నవ్వుతారు. ఆ నవ్వుల మధ్యనే ఆయన చెయ్యి చెవుల వెనుక, గొలుసు ఒరుసుకునే చోట పుండు ఉందేమోనని వెతుకుతూ ఉంటుంది. ఆ తరువాత కాలు ఎత్తించి, అరికాలి పగుళ్ళలో ఇరుక్కున్న రాళ్ళను, ముళ్ళను ఒక్కొక్కటిగా తీస్తాడు. టన్నుల బరువు మోసే పాదానికి చీము పట్టిందంటే ఆ ఏనుగు ఇక నడవలేదు. ఇంత చేసి ఒడ్డుకు తెచ్చిన మరుక్షణమే అది దోసెడు మట్టి ఎత్తి వీపున చల్లుకుంటుంది. ఎండా ఈగలూ తగలకుండా అది వేసుకునే పూత అని ఆయనకు తెలుసు, అయినా ప్రతిరోజూ కొత్తగా కోప్పడతాడు.

దాని తిండి మన తిండే: రాగి సంగటి, ఉలవలు, బెల్లం. వీటికి తోడు రోజుకు దాదాపు 150 కిలోల పచ్చిమేత కావాలి. ముద్దలో మాత్ర దాచిపెడితే తొండంతో వాసన పట్టి, మాత్రను మాత్రమే వదిలేసిన రోజులు నాకు గుర్తున్నాయి.

జవాబు (పలమనేరు నుంచి):
1980లలో తమిళనాడు, కర్ణాటకల నుంచి అడవి ఏనుగులు మన వైపు వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పంటల మీద పడే గుంపులను మళ్ళించడానికే కుంకీలు, అంటే శిక్షణ పొందిన పెంపుడు ఏనుగులు. 2025 మే నెలలో కర్ణాటక మనకు కుంకీలను అప్పగించిన తరువాత మా పక్కనున్న ముసలిమడుగు ఏనుగుల శిబిరం పేరు అందరి నోటా వినిపిస్తోంది. మెడ మీద కూర్చున్న మావటి చెవుల వెనుక కాలి వేళ్ళతో నొక్కి చెప్పేదాన్ని, ఎదుట మరో ఏనుగు ఘీంకరిస్తున్నప్పుడు కూడా కుంకీ వినాలి. ఆ చనువు నీళ్ళలో ఆడిన ఆటల్లోనే కుదురుతుందని నా అభిప్రాయం. అయితే కంటికీ చెవికీ నడుమ మదజలం కారే రోజుల్లో ఆటలు పూర్తిగా బంద్. ఈ మాట అబ్బాయికి తప్పక చెప్పండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. మావాడికి అంతా చదివి వినిపించాను. మదం పట్టినప్పుడు సంగటి ఎవరు పెడతారని అడుగుతున్నాడు.

జవాబు (రామకుప్పం నుంచి):
ఆ మావటే పెడతాడు బాబూ. తొండానికి అందనంత దూరంలో నిలబడి, పొడవాటి కర్రతో మేతను ముందుకు నెడుతూ, అది తినే వరకూ దానితో మాట్లాడుతూనే ఉంటాడు.