అంతా తలరాతే అనే అమ్మకి ఎలా నచ్చజెప్పాలి?

అమ్మకి 58 ఏళ్లు, షుగర్ వచ్చి ఆరేళ్లు. మొన్న హెచ్‌బీఏ1సీ చేయిస్తే 9.4 వచ్చింది, అంటే మూడు నెలలుగా షుగర్ అదుపులో లేనట్టే. మాత్రలు వేసుకుంటూనే ఉన్నానంది. ఊరెళ్లి చూస్తే దేవుడి గూట్లో కుంకుమ భరిణె వెనకాల మెట్‌ఫార్మిన్ షీటు, పదిహేనులో పన్నెండు అలాగే ఉన్నాయి. అడిగితే ఒకటే మాట, "మీ నాన్న అన్నీ టైముకి వేసుకున్నారు, ఏమైంది? నుదుటిన రాసింది ఎవరు తప్పిస్తారే?" దానికి నా దగ్గర జవాబు లేదు, నాన్న నిజంగానే చాలా జాగ్రత్తగా ఉండేవారు.

అందుకే వాదించడం మానేసి, ఉన్న నాలుగు రోజులూ మాత్ర దగ్గరుండి వేయించి, రాత్రి అన్నం తగ్గించి, తిన్నాక ఇద్దరం రామాలయం దాకా నడిచొచ్చి, రెండు గంటలకి గ్లూకోమీటర్‌లో చూసేవాళ్లం. మొదటి రోజు 262, నాలుగో రోజు 188. ఆ 188ని తనే క్యాలెండర్ మీద రాసుకుంది! నేను హైదరాబాద్ వచ్చేశాక మళ్లీ మామూలే.

జరిగేది మన చేతిలో ఉందనుకుంటామా, తలరాత లాంటి బయటి వాటి చేతిలో ఉందనుకుంటామా అన్నదాన్ని సైకాలజీలో లోకస్ ఆఫ్ కంట్రోల్ అంటారు, జూలియన్ రోటర్ అనే సైకాలజిస్టు 1966లోనే దీన్ని కొలిచే ప్రశ్నలు తయారుచేశాడు. పేరు తెలిసి ఏం లాభం, అమ్మకి ఎలా చెప్పాలో తెలియట్లేదు.

మీ ఇంట్లో ఇలాంటి పెద్దవాళ్లుంటే, దేవుడి మీద నమ్మకం నొప్పించకుండా, కొంతైనా మన చేతిలో ఉందని ఎలా ఒప్పించారు? దూరం నుంచి ఫోన్లో ఏం చేయొచ్చు? దయచేసి చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.