ఆఫీసు మార్చేటప్పుడు ఉద్యోగుల్ని అడగాలా, చెబితే సరిపోతుందా?

కొత్తడెస్క్: మా ఆఫీసు ఇంకో బిల్డింగ్‌కి మారుతోంది. రెండొందల మంది దాకా ఉంటాం. టీమ్‌కి ఒకరు చొప్పున కమిటీ వేసి, ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దగ్గర నుంచి సామాను తరలించే రోజు దాకా వాళ్లతోనే నడిపించాలని హెచ్‌ఆర్ అంటోంది. మా మేనేజర్ మాత్రం "అడిగితే అందరికీ కిటికీ పక్కనే కావాలంటారు, వదిలెయ్" అంటున్నాడు. కమిటీలో నన్ను వేశారు. ఇలాంటిది చూసినవాళ్లు చెప్పండి, నిజంగా ఉపయోగం ఉంటుందా?

తాళాలగుత్తి: అడ్మిన్‌లో తలపండినవాణ్ణి, సూటిగా చెబుతా. మీ మేనేజర్ మాటే కరెక్ట్. ఆఫీసు మారడమంటే పాత లీజు గడువు, కొత్త ఇంటర్నెట్ లైన్ (అప్లై చేశాక రావడానికి నెలలు పట్టొచ్చు), కరెంటు లోడు, ఏసీ, సరుకు లిఫ్టు ఏ రోజు దొరుకుతుంది, ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. ఒకటి వారం వెనక్కి జరిగితే మిగతావన్నీ జరుగుతాయి, రెండు బిల్డింగులకీ అద్దె కట్టాలి. ఈ గొడవలో కమిటీ కూర్చుని రంగుల గురించి మాట్లాడుతుంది. మేమూ ఒకసారి అందర్నీ అడిగాం. కుర్చీలకి చేతులు ఉండాలా వద్దా అన్న దగ్గర ఆగిపోయి, ఆర్డర్ ఆలస్యమై, కొంతమంది వారాల తరబడి మీటింగ్ రూమ్ కుర్చీల్లో కూర్చున్నారు. తిట్లు ఎవరికి? నాకే.

పాతికమెట్లు: చేతుల్లేని కుర్చీలో రోజంతా కూర్చుని చూడండి సార్, అప్పుడు తెలుస్తుంది ఎందుకు ఆగిపోయిందో.

తాళాలగుత్తి: చేతులున్న కుర్చీ బల్ల కిందికి పోదు. నడిచే దారి తగ్గుతుంది. అగ్నిప్రమాదం జరిగినప్పుడు ఆ దారిలోనే పరుగెత్తాలి కదా.

పాతికమెట్లు: చేతులు పైకీ కిందికీ జరిపే కుర్చీలు ఉంటాయి.

తాళాలగుత్తి: ఉంటాయి. ఖరీదు మీరిస్తారా?

మాటపడనివాడు: మా దగ్గర జరిగింది చెబుతా. ఫామ్ పంపారు, పెద్ద సర్వే. ఎవరి పక్కన కూర్చుంటే పని సులువు, చప్పుడు ఎంత భరించగలరు, ఫోన్లు ఎక్కువ మాట్లాడతారా, అన్నీ అడిగారు. మేం లెక్కలు చూసేవాళ్లం, నెలాఖరులో ఎవరైనా దగ్గితే కూడా అంకె తప్పుతుంది. శ్రద్ధగా పేజీలకి పేజీలు రాసిచ్చాం. తీరా వెళ్లి చూస్తే మా పక్కనే సేల్స్ వాళ్లు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్లో అరుపులే. ఎందుకని అడిగితే లేఅవుట్ అంతకు ముందే ఖరారైందట! మరి ఫామ్ ఎందుకు పంపినట్టు? అసలు అడక్కపోయినా ఇంత కడుపుమంట ఉండేది కాదు.

తాళాలగుత్తి: నేను చెప్పేదీ అదేగా. అడక్కండి.

మాటపడనివాడు: నేను చెప్పేది అది కాదు.

కాగితాలపులి: దీనిమీద ఏకంగా ప్రయోగమే ఉంది. 2010లో క్రెయిగ్ నైట్, అలెక్స్ హాస్లామ్ అని బ్రిటన్‌లో ఇద్దరు పరిశోధకులు నాలుగు రకాల గదుల్లో మనుషుల్ని కూర్చోబెట్టి పని చేయించారు. ఒకటి బోసి గది. ఒకటి మొక్కలూ బొమ్మలూ వేరేవాళ్లు పెట్టిన గది. మూడోది ఎవరికి వాళ్లు సర్దుకున్న గది. నాలుగోదాంట్లో మొదట సర్దుకోనిచ్చి, తర్వాత పరిశోధకులే వచ్చి మళ్లీ తమ ఇష్టమొచ్చినట్టు మార్చేశారు. సొంతంగా సర్దుకున్నవాళ్లు బోసి గదివాళ్ల కంటే సుమారు 30 శాతం మెరుగ్గా పనిచేశారు. సర్దుకున్నాక చెరిపేస్తే ఆ లాభం మొత్తం ఎగిరిపోయింది. మాటపడనివాడు గారు చెబుతున్నది సరిగ్గా ఆ నాలుగో గది.

తాళాలగుత్తి: కార్డులు పేర్చే పని కాసేపు చేయించి ఆఫీసులన్నిటికీ తీర్పు చెప్పేస్తే ఎలా? ఆ గదికి లీజు ఉందా, లిఫ్టు ఉందా?

కాగితాలపులి: సరే, ఫ్యాక్టరీ సంగతి చూడండి. 1948లో కోచ్, ఫ్రెంచ్ అనే ఇద్దరు అమెరికాలో పైజమాలు కుట్టే ఫ్యాక్టరీలో పని పద్ధతి మార్చినప్పటి ఫలితాలు ప్రచురించారు. చెప్పి ఊరుకున్న గుంపులో ఉత్పత్తి పడిపోయి అలాగే ఉండిపోయింది, కొందరు ఉద్యోగాలు మానేశారు. ప్లానింగ్‌లో కలుపుకున్న గుంపులు త్వరగా కోలుకుని పాత స్థాయిని దాటాయి.

ఊరికేచూస్తున్నా: అదే ఫ్రెంచ్ 1960లో నార్వేలో ఇంకో ఫ్యాక్టరీలో చేస్తే ఉత్పత్తిలో పెద్ద తేడా రాలేదు. సగం చెప్పకండి పులిగారూ.

కాగితాలపులి: అక్కడ అడిగిన విషయాలు అంత ముఖ్యమైనవి కావు, అడిగే పద్ధతి కూడా సరైందని వాళ్లకి అనిపించలేదు. అంటే ఏం అడుగుతున్నామన్నది ముఖ్యం.

తీగలు: ఐటీ నుంచి ఒక మాట. నాకు సిద్ధాంతాలు తెలియవు గానీ షిఫ్టింగ్‌లో మమ్మల్ని కాపాడింది ఒక క్లర్కు. ఒక బల్ల కింద దుమ్ముపట్టిన పాత కంప్యూటర్ ఉంది, మా లిస్టులోనూ లేదు, అడ్మిన్ లిస్టులోనూ లేదు. పాత సామాను కింద తీసేయబోతుంటే ఆవిడ పరుగున వచ్చి "అది ఆపితే హాజరు ఫైలు రాదు, జీతాలు పడవు" అంది. ప్రతి టీమ్‌లో ఇలాంటివి తెలిసిన మనిషి ఒకరుంటారు. కమిటీలో వాళ్లని వెయ్యండి, బాగా మాట్లాడేవాళ్లని కాదు. ఇంకోటి, ఒక చిన్న టీమ్‌ని ముందు తరలించి చూడండి. అట్టపెట్టెలకి అంతస్తు, సీటు నంబరు రెండు పక్కలా రాయించండి, పైన రాస్తే దానిమీద ఇంకో పెట్టె పెట్టేస్తారు.

తాళాలగుత్తి: ఇది ఒప్పుకుంటా. తరలించే రోజు సాయం చేయమనండి, ఎవరొద్దన్నారు.

రెండోషిఫ్టు: ఇంతసేపూ చదివాను. కుర్చీలు, మొక్కలు, అట్టపెట్టెలు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, సెక్యూరిటీ వాళ్లని, క్లీనింగ్ వాళ్లని అసలే అడగలేదు. మా కొత్త ఆఫీసు నుంచి రాత్రి డ్యూటీ దిగేసరికి బస్సు ఉండదు. కమిటీ మాత్రం ఉంది, గోడ రంగు మీద ఓటింగ్ పెట్టింది. ముగ్గురు మానేశారు. నాకు కుర్చీకి చేతులుంటే ఎంత, కాళ్లుంటే ఎంత? బిల్డింగ్ ఎక్కడ తీసుకోవాలన్నప్పుడు అడగాలి. తాళాలగుత్తి లాంటివాళ్లు ఏసీ గదిలో కూర్చుని మ్యాప్ మీద వేలు పెట్టేస్తారు, నడిచేది మేము.

తాళాలగుత్తి: ఏంటి, నేనా వేలు పెట్టింది? బిల్డింగ్ సంగతి నాకు తెలిసేసరికి లీజు మీద సంతకాలు అయిపోయాయి. అక్కడ సరుకు లిఫ్టే లేదని నేను వెళ్లి చూసి చెబితే "మేనేజ్ చెయ్" అన్నారు. పైన ఎవరో సంతకం పెడతారు, తేదీ వాళ్లే ప్రకటిస్తారు, తిట్లు తినడానికి నన్ను నిలబెడతారు. మీ కమిటీ కూడా అందుకే. రేపు ఏదైనా తేడా వస్తే "మీరే కదా కూర్చుని నిర్ణయించింది" అనడానికి. అందుకే వద్దంటున్నా. ఇంకా ఎంత విడమరిచి చెప్పాలి?

మాటపడనివాడు: ఈ ముక్క మొదటే చెబితే ఇంత గొడవ ఉండేది కాదుగా.

తాళాలగుత్తి: మొదటే చెబితే వినేవాళ్లా? అయినా బిల్డింగ్ వెతికేటప్పుడు అందరికీ చెప్పడం కుదరదు. బయటికి పొక్కితే ఓనరు అద్దె పెంచుతాడు, ఇక్కడ సగం మంది వేరే ఉద్యోగాలు వెతుక్కుంటారు.

రెండోషిఫ్టు: బిల్డింగ్ పేరు ఎవరడిగారు? ఎవరు ఎక్కడ నుంచి వస్తారు, ఎన్నింటికి దిగుతారు, దేంట్లో వెళ్తారు అని ముందు అడగొచ్చు కదా. అందులో రహస్యం ఏముంది?

ఊరికేచూస్తున్నా: జర్మనీలో 1972 నాటి చట్టం ప్రకారం, 20 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీ ఆఫీసు మార్చాలనుకుంటే వర్క్స్ కౌన్సిల్‌కి (ఉద్యోగులు తమలోంచి ఎన్నుకునే ప్రతినిధుల సంఘం) ముందుగా చెప్పి చర్చించాలి. వద్దని ఆపే హక్కు కౌన్సిల్‌కి లేదు, నష్టపోయేవాళ్లకి ఏమిస్తారని మాత్రం గట్టిగా పట్టుబట్టొచ్చు. అక్కడ కంపెనీలేం మూతపడలేదు.

తాళాలగుత్తి: అడిగి, విని, చివరికి మనకిష్టమైన చోటే తీసుకుంటే? మళ్లీ అదే నాలుగో గది. అడగడమంటే ఆశ పెట్టడమే.

రెండోషిఫ్టు: ఆశ వద్దు. అక్కడే తీసుకుంటున్నాం, బస్సు లేదు, రాత్రికి వ్యాన్ పెడతాం అని ముందే చెప్పినా చాలు. వ్యాన్ ఎన్నింటికి ఎక్కడ ఆగాలో మమ్మల్ని అడగండి.

పాతికమెట్లు: ఇంతకీ కుర్చీలు?

కొత్తడెస్క్: అందరికీ థాంక్స్. రేపే మొదటి మీటింగ్. లీజు మీద సంతకం అయిందా, లేదా అని మొదట అడుగుతా. అయిపోయి ఉంటే మా చేతిలో ఉన్నవేంటో, లేనివేంటో రాసివ్వమంటా. లేదంటే కమిటీలో ఉండను. రాత్రి షిఫ్టు నుంచి కూడా ఒకరిని వెయ్యమంటా.

తాళాలగుత్తి: రాసివ్వరు, చూస్తుండు. పాత బిల్డింగ్‌ని ఏ స్థితిలో అప్పగించాలో లీజులో చదివారేమో కూడా అడుగు తమ్ముడూ. పార్టిషన్లన్నీ పీకించి, గోడలు బాగుచేయించి ఇవ్వాలంటారు. దానికి రెండు వారాలు ఎవరూ లెక్కలో వెయ్యరు.