పదేళ్లు, ఇరవయ్యేళ్లు సాగే పరిశోధన: సీమ జిల్లాల్లో ఏం పనికొచ్చింది, పని యాడ చెడుతుంది? (చర్చ)

పెన్నా_తీరం (కడప)
వృక్షశాస్త్రం, భూగర్భశాస్త్రం, చరిత్ర, తెలుగు, గణాంక శాఖలు కలిసి పదేళ్ల ఉమ్మడి పరిశోధనకు ప్రతిపాదన రాస్తున్నాం. "ఎవరికి వారు మూడేళ్ల ప్రాజెక్టు పెట్టుకుంటే చాలదా?" అని కమిటీ అడుగుతుంది. కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతంలో జరిగిన పనుల నుంచే జవాబు చెప్పాలని మా ఉద్దేశం. ఫలితంతో పాటు పని చేసే పద్ధతి, అది చెడిపోయే చోటు కూడా రాయండి.

ఎర్రనేల (అనంతపురం)
మెట్ట సేద్యంతో మొదలుపెడతాను. అనంతపురంలో సగటు వాన ఏడాదికి దాదాపు 550 మి.మీ. మూడేళ్ల ప్రాజెక్టుకు మూడూ కరువేళ్లే తగలొచ్చు, మూడూ మంచి ఏళ్లే తగలొచ్చు. అప్పుడు తేడా ఎరువుదా, వానదా చెప్పలేం. ఇక్కడ 1985లో మొదలైన వేరుశనగ ఎరువుల ప్రయోగం ఇరవై ఏళ్లు ఒకే మళ్లలో నడిచింది. ఒట్టి రసాయన ఎరువు ఒక మడికి, సిఫారసులో సగం ఎరువుతో పాటు హెక్టారుకు 4 టన్నుల చెనక్కాయ పొట్టు ఒక మడికి, అదే సగం ఎరువుతో పాటు అంతే పశువుల ఎరువు ఇంకొక మడికి, ఏమీ వేయని మడి ఒకటి. సగం ఎరువుకు సేంద్రియం కలిపిన మళ్లలోనే నేలలో కర్బనం మెరుగ్గా నిలిచింది. మూడేళ్లలో ఈ తేడా నమూనా తీయడంలో వచ్చే పొరపాటు కంటే చిన్నది, కంటికి ఆనదు.

ఇట్లాంటి పని చెడేది మట్టి తీసే దగ్గర. ప్రతిసారీ 0–20 సెం.మీ. లోతు అనుకుంటే అదే లోతు తీయాలి. కోర్ గొట్టంతో సాంద్రత కొలవకుండా కర్బనం శాతం ఒక్కటే రాసుకుంటే హెక్టారుకు ఎన్ని టన్నులో లెక్క కట్టలేం. మట్టిని నీడలో ఆరబెట్టి, 2 మి.మీ. జల్లెడ పట్టి, అరకిలో చొప్పున మూత బిగించిన సీసాలో దాచండి. చీటీ పెన్సిలుతో రాసి లోపల ఒకటి, బయట ఒకటి పెట్టండి. పెన్ను సిరా తేమకు కరిగిపోతుంది.

పద్ధతి మార్చాల్సి వస్తే ఒక ఏడాది పాత పద్ధతి, కొత్త పద్ధతి రెండూ అవే నమూనాల మీద నడపాలి. నేలలో కర్బనం కొలిచే వాక్లీ–బ్లాక్ అనే రసాయన పద్ధతిలో కర్బనం అంతా ఆక్సీకరణ కాదు, అందుకే 1.3తో గుణిస్తారు. ఆ గుణకం వేశారా లేదా రికార్డులో లేకపోతే పాత అంకెలు పక్కన పడేయాల్సిందే.

ఆకుమచ్చ (అనంతపురం)
ఎర్రనేల గారి మాటకు తోడుగా, శాఖలు కలవడం వల్ల తేలిన సంగతి ఒకటి. 2000 ఖరీఫ్‌లో అనంతపురం వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తెగులు ఊడ్చేసింది. దాదాపు రెండు లక్షల పాతిక వేల హెక్టార్లకు పాకింది. అప్పటికి అందరికీ తెలిసింది మొవ్వుకుళ్లు. కాండం కుళ్లులో చిగురాకులు, కాడల మీద మాడిన మచ్చలు లేచి కాండమంతా నల్లబడి చస్తుంది. మొవ్వుకుళ్లులో ఆకుల మీద వలయాలు, గిడసబారడం, పక్క కొమ్మలు గుబురుగా రావడం ఎక్కువ.

ఇక్రిశాట్ (మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ) వైరస్ శాస్త్రవేత్తలు దీన్ని పొగాకు స్ట్రీక్ వైరస్ అని గుర్తించారు. వైరస్ పేరు తెలిస్తే మాత్రం రైతుకు ఒరిగేదేముంది? అది గట్ల మీది వయ్యారిభామలో ఏ లక్షణమూ చూపకుండా ఉంటుందని, పుప్పొడితో చేరుతుందని, తామర పురుగులు ఆకును గీరిన గాయంలోంచి లోపలికి పోతుందని తేలాకే ఉపాయం దొరికింది. దానికి వైరస్ శాస్త్రం, కీటక శాస్త్రం, కలుపు మొక్కల శాస్త్రం మూడూ కావాల్సొచ్చాయి. వయ్యారిభామను పూతకు రాకముందే పీకాలి. చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న గానీ సజ్జ గానీ వేస్తే గాలికి వచ్చే పురుగు, పుప్పొడి అక్కడ ఆగుతాయి. కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ అనే పురుగుమందు పట్టిస్తారు. మచ్చలు కనబడ్డాక మందు కొట్టినా అప్పటికే వైరస్ ఎక్కిన మొక్క కోలుకోదు.

నమూనాలు తీసేవాళ్లకు: లేత ఆకును తడి కాగితంతో జిప్ కవర్లో పెట్టి ఐసు పెట్టెలో తేవాలి. గడ్డకట్టించి, కరిగించి, మళ్లీ గడ్డకట్టిస్తే ఎలీసా (ఆకు రసంలో వైరస్ ఉందో లేదో చూసే ప్రయోగశాల పరీక్ష) ఫలితం నమ్మలేం. ప్రతి ప్లేటులో ఆరోగ్యంగా ఉన్న ఆకు, తెగులు రూఢి అయిన ఆకు రెండూ ఉండాలి. ఆరోగ్యమైన ఆకు రీడింగుకు కనీసం రెండింతలు రాకుండా 'ఉంది' అని రాయకండి.

లంకమల_దారి (బద్వేలు)
కలివికోడి విషయం రాయకపోతే ఈ చర్చ నిండదు. 1900 తర్వాత కనబడక అంతరించిందనుకున్న పిట్ట 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ సర్వేలో, అడవి తెలిసిన ఊరివాళ్ల సాయంతో. 1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది.

రాత్రి తిరిగే పిట్టను లెక్కించేందుకు వాడింది అడుగుల పట్టీ. 5 మీటర్ల పొడవు, 25 సెం.మీ. వెడల్పున నేల చదును చేసి, జల్లించిన సన్నటి మట్టి పరవాలి. సాయంత్రం నున్నగా చేసి తెల్లారే చూడాలి. పొద్దెక్కితే మేకలు తొక్కేస్తాయి. కలివికోడికి మూడే వేళ్లు, వెనక వేలు ఉండదు. అయినా తీతువు, కంజు అడుగులతో పొరబడొచ్చు కాబట్టి పక్కన స్కేలు పెట్టి నిలువుగా ఫోటో తీయాలి. వాన పడిన రాత్రి ఖాళీ పట్టీని 'పిట్ట లేదు' అని రాయకూడదు, 'లెక్కకు రాదు' అని రాయాలి. ఈ రెండూ కలిపేస్తే లెక్కంతా పాడవుతుంది.

ఇట్లా ఏళ్ల తరబడి చేస్తే తేలింది: 2 మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 ఉన్నచోట అడుగులు ఎక్కువ. పొదలు మరీ చిక్కబడినా, కొట్టేసినా పిట్ట ఉండదు. ఆ లెక్కను ఉపగ్రహ చిత్రాలకు జోడిస్తే పిట్ట ఉండదగ్గ నేల మ్యాపు వచ్చింది. తెలుగుగంగ కాలువ దారి మార్చే వాదనలో ఇట్లాంటి ఆధారమే పనికొచ్చింది.

పెన్నా_తీరం (కడప)
చాలా ఉపయోగం అన్నా. చరిత్ర, తెలుగు శాఖల వైపు నుంచి? కమిటీలో ముందు కోత పడేది వాటికే.

రాతిఅక్షరం (జమ్మలమడుగు)
కోత పడనీయకండి సార్. గుత్తికి దగ్గర్లో ఎర్రగుడి అశోకుడి శాసనాలు 1929లో వెలుగులోకి తెచ్చింది ఒక భూగర్భ శాస్త్రవేత్త. రాళ్లు చూడటానికి పోయినవాడు అక్షరాలు పట్టించుకున్నాడు. తొలి తెలుగు శాసనంగా చెప్పే మన కలమళ్ల శాసనం లేకుండా తెలుగు భాష చరిత్రే రాయలేం.

శాసనం అచ్చు తీయడం పిల్లలకు నేర్పండి. రాయిని నీళ్లతో, నారబ్రష్‌తో కడగాలి. ఇనుప బ్రష్, యాసిడ్ ముట్టించొద్దు. గుళ్లలో సున్నం పేరుకుని ఉంటే తడిపి, ఓపికగా చెక్క పుల్లతో తీయాలి. తడిపిన కాగితాన్ని మధ్య నుంచి అంచులకు పరిచి, గాలి బుడగ లేకుండా బ్రష్‌తో కొడుతూ అక్షరం గాడిలోకి దింపాలి. కాగితం సగం ఆరినప్పుడు గుడ్డ ముద్దకు దీపపు మసి, బంక కలిపిన సిరా పల్చగా అంటించి తట్టాలి. తడి ఎక్కువుంటే సిరా గాడిలోకి పాకి అక్షరం మూసుకుపోతుంది. పూర్తిగా ఆరితే కాగితం లేచిపోతుంది. వేసవిలో ఎర్రటి ఎండలో ఈ పని కుదరదు, తెల్లవారుజామునే మొదలుపెట్టాలి. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి ముందే తీసుకోండి. అనుమతి రాకపోతే చీకట్లో టార్చి పక్కవాటుగా పట్టి నాలుగు దిక్కుల నుంచి నాలుగు ఫోటోలు తీసినా చాలా వరకు చదవొచ్చు.

హంద్రీ_గట్టు (కర్నూలు)
బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం కూడా రాసుకోండి. సుమత్రాలోని తోబా అగ్నిపర్వతం దాదాపు 74,000 ఏళ్ల కింద పేలినప్పటి బూడిద పొర అక్కడి జుర్రేరు లోయలో ఉంది. పొరకు కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయని, వాటి తీరు పెద్దగా మారలేదని 2007లో ప్రచురించారు. బూడిద ఎక్కడిదో చెప్పింది రసాయన శాస్త్రం, వయసు చెప్పింది భౌతిక శాస్త్రం, పనిముట్లు చదివింది పురావస్తు శాస్త్రం. కాలనిర్ణయానికి మట్టి తీసేటప్పుడు వెలుగు తగలని ఇనుప గొట్టం దిగ్గొట్టి, రెండు కొసలూ నల్ల టేపుతో మూయాలి. మట్టి రేణువులు చీకట్లో ఎన్నేళ్లున్నాయో వాటిలో పోగైన శక్తిని బట్టి లెక్కకడతారు, ఎండ తగిలిందంటే ఆ లోపలి గడియారం సున్నాకు వచ్చినట్టే.

లెక్కల_పెట్టె (అనంతపురం)
డబ్బు, మనుషుల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. పదేళ్ల పనిని ఒక్కరికి అప్పజెప్పలేరు. పాత విద్యార్థి, కొత్త విద్యార్థి కనీసం ఒక సీజన్ కలిసి చేలోకి పోయేలా చేరికలు పెట్టుకోండి. పని చేతులు మారేటప్పుడే కొలతలు చెడతాయి.

పెన్నా_తీరం (కడప)
అన్ని శాఖల లెక్కలూ ఒక దగ్గరికి చేర్చేందుకు ఊరి పేరు చాలదా?

లెక్కల_పెట్టె (అనంతపురం)
చాలదు. ఒకే పేరుతో ఊళ్లు చాలా ఉన్నాయి. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి: కదిరి ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా, జ్వాలాపురం నంద్యాల జిల్లా. ప్రతి నమూనాకు అక్షాంశ రేఖాంశాలు అయిదు దశాంశాల దాకా, జనగణన గ్రామ కోడు, తేదీ రాయండి. డేటం (అక్షాంశ రేఖాంశాలు లెక్కకట్టే ఆధార కొలమానం) డబ్ల్యూజీఎస్ 84 అని పక్కనే రాయాలి. పాత సర్వే మ్యాపులు ఎవరెస్ట్ డేటం మీద ఉంటాయి. మార్చకుండా కలిపితే చుక్క వంద మీటర్లకు పైగా జరుగుతుంది. శాసనం పక్క ఊరి చేలో పడుతుంది.